మంచి కేసు

డాక్టరు ఇంకా పంపిస్తామనకుండానే దర్జీ ఇంటికి ప్రయాణం కట్టేశాడు. ఆయన తొందర పెడుతుంటే, ఆసుపత్రి మంచం పక్కన నిలబడి భార్య సంచీ సర్దుతోంది. దువ్వెన, తువ్వాలు, కళ్ళజోడు పెట్టె లోపల పెట్టింది గాని ఆమె మనసు కుదురుగా లేదు.

పొద్దున పెద్ద డాక్టరు వైద్యం చదివే పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి, దర్జీ గుండె చప్పుడు ఒక్కొక్కరికీ వినిపించి, "ఇది మంచి కేసు" అన్నాడు.

"విన్నావుగా, నాది మంచి కేసట," అన్నాడు దర్జీ. "అందరూ కొలతలు తీసుకున్నారు. చొక్కా ఎప్పుడిస్తారో మరి."

"అంత మంచిదైతే వాళ్ళు మళ్ళీ మళ్ళీ వినడమెందుకు? ఆ మొహాలు చూస్తే నాకేదో అనుమానంగా ఉంది."

"నీకు నీ నీడంటేనే అనుమానం కదే."

ఆమె సంచీ వదిలి వరండాలోకి వెళ్ళింది. పొద్దున వచ్చిన వాళ్ళలో ఒక పిల్ల కిటికీ దగ్గర ఏదో రాసుకుంటోంది.

"అమ్మాయీ, మంచి కేసంటే జబ్బు తగ్గినట్టేనా?"

ఆ పిల్ల తల దించుకుంది. "నేను మొదటి సంవత్సరం, అమ్మమ్మా. నాకంతగా తెలీదు."

"తెలిసినంతే చెప్పు తల్లీ."

"మేం నేర్చుకోవడానికి మంచిదని అన్నారు. గుండె అంతగా పాడైతేగాని ఆ చప్పుడు వినపడదట."

ఆమె వెనక్కి వచ్చేసరికి దర్జీ చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు.

"ఎక్కడికెళ్ళావు? పద."

"ఇంకో రెండు రోజులుందాం. ఇంట్లో మాత్రం ఏం కొంపలంటుకున్నాయని?"

ఆయన సణుగుతూ పడుకున్నాడు. మర్నాడు పెద్ద డాక్టరు వచ్చి, గుండెకు ఆపరేషను చెయ్యాలన్నాడు. గురువారం మధ్యాహ్నం ఆపరేషనుకు తీసుకెళ్ళిన దర్జీ తిరిగి రాలేదు.