వంటింట్లో దవడ ఎముక

గిన్నెలు తోమడం అయ్యాక ఆమె వెనిగర్ కలిపిన నీళ్ళ తొట్టిలోంచి, దవడ ఎముక ఇరుక్కున్న సున్నపురాయిని పైకి తీసి, కుళాయి కింద నిదానంగా కడిగింది. ఇవాళ మరో పన్ను బయటపడింది. ఏ కాలపు మనిషిదో ఆ దవడ. పులుపుకి రాయి కరుగుతుంది, ఎముక నిలుస్తుంది. తేలిన ఎముకకి ఎప్పటికప్పుడు పల్చగా జిగురు పూయాలి, లేకపోతే అదీ పోతుంది. ఇదంతా మరిది నేర్పాడు. లోకానికి అతను ఫాదర్, విదేశాల్లో కొండలు తవ్వి తొలి మనుషుల ఎముకలు వెతికే శాస్త్రవేత్త. ఆమెకి మాత్రం చిన్నబ్బాయే. జీవపరిణామం గురించి బయట నోరెత్తొద్దని చర్చి పెద్దలు కట్టడి చేశారు కాబట్టి, ఈ సెలవుల్లో అతని ఉపన్యాసాలన్నీ వదిన వంటింట్లోనే.

“మనిషి పూర్తయిపోయాడనుకుంటాం వదినా. ఇంకా తయారవుతూనే ఉన్నాడు,” అనేవాడు, ఆమె ఉల్లిపాయలు తరుగుతుంటే. ఆమెకి నవ్వొచ్చేది. ఈ ఇంటి మగమహారాజు ఎప్పుడో పూర్తయిపోయాడు. “రాళ్ళు కడగడానికి తీరికుంటుంది గానీ నా చొక్కా బొత్తానికి ఉండదు,” అంటాడు భర్త. అత్తగారు బతికున్నన్నాళ్ళూ “దాని చేతులకున్న చురుకు బుర్రకి లేదు” అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. విని విని ఆమె కూడా నమ్మేసింది. పాడు నమ్మకం! ఇప్పుడు బ్రష్షు పట్టుకుంటే పొద్దు తెలియడం లేదు. ఈ పని నాకు వచ్చు, ఇంకా కావాలి అని మనసు ఒకటే కొట్టుకుంటోంది. కానీ చిన్నబ్బాయి వారంలో వెళ్ళిపోతాడు. తొట్టీ వెళ్ళిపోతుంది. తలచుకుంటే ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మరిది గొంతు సవరించుకున్నాడు. “అన్నయ్యా, తవ్వకాల దగ్గర ఇంత ఓపికగా పనిచేసేవాళ్ళు దొరకడం లేదు. వదినని ఆర్నెల్లు నాతో పంపిస్తావా? జీతం కూడా ఇస్తారు.”

భర్త పకపకా నవ్వాడు. “మరి ఇంట్లో నాకు నీళ్ళందించేదెవర్రా? సర్లే, ఆలోచించి చెప్తాను.”

ఆలోచించి చెప్తాడట! ఆమె గరిటె పట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడి ఉంది. లక్షల ఏళ్ళ నాటి మనిషిని రాతిలో పోల్చుకోగలవాడికి ఎదురుగా ఉన్న మనిషి కంటికి ఆనలేదు. భర్త మీద రాని కోపం మరిది మీద వచ్చింది. అతని మీదే కదా ఆశ పెట్టుకుంది.

“వెళ్ళాల్సింది నేను చిన్నబ్బాయ్. నన్నడుగు,” అంది.

మరిది చెవులు ఎర్రబడ్డాయి. చెంచా కింద పెట్టి లేచి నిలబడ్డాడు. “తప్పయింది వదినా. వస్తావా?”

“ఏంటిది, నేనింకా...” అంటున్నాడు భర్త.

“వస్తాను,” అంది. ఆ మాట అనేశాక గానీ ఆమెకి తట్టలేదు, భర్త ముఖం వైపు చూడకుండానే జవాబు చెప్పానని.