పూస్తే చూద్దాం

ఇంగ్లండ్‌లో, మిల్టన్ కీన్స్ అనే ఊళ్లో మా ఫ్లాట్ వంటగది కిటికీ పూర్తిగా తెరుచుకోదు. పిల్లలు పడిపోకుండా అలా బిగించారని నాన్న చెప్పారు. ఆ సందులోంచి చెయ్యి మోచేతి వరకు వెళ్తుంది, అంతే.

మా ఊరి హైస్కూల్లో పది పాసై, వీసా కోసం ఎదురుచూసి, లండన్ ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడాది జనవరిలో ఇక్కడికి వచ్చాను. కాలేజీవాళ్లు సెప్టెంబరులో రమ్మన్నారు. పొద్దున నాన్న కారు తీసుకుని ఆఫీసుకు వెళ్లిపోతే సాయంత్రం దాకా అమ్మ, నేను, ఆ కిటికీ. డైరీలో కొన్ని రోజులు 'వాన' అని మాత్రమే రాసేదాన్ని.

అమ్మ నన్ను ఒంటరిగా బయటికి పంపేది కాదు. లైబ్రరీకైనా, కమ్యూనిటీ హాలుకైనా పెద్దరోడ్డు కింద ఉన్న సొరంగంలోంచి నడిచి వెళ్లాలి. వచ్చిన కొత్తలో అక్కడ ఎవరో తాగి అరుస్తుంటే అమ్మ చూసింది. అప్పటినుంచి తను కూడా ఆ దారిన ఒక్కతే వెళ్లలేదు.

ఒకరోజు పై ఫ్లాట్‌లో ఉండే మోరీన్ ఆంటీ తలుపు తట్టి, టీ కప్పంత కుండీ ఒకటి నా చేతిలో పెట్టింది. గుండ్రటి మందమైన ఆకులు, వాటిమీద పిల్లి చెవికి ఉన్నట్టు నూగు. ఆఫ్రికన్ వయొలెట్ అట. వేసవిలో ఒక శనివారం, ఈ మొక్కలు పెంచేవాళ్లంతా హాలులో కలుస్తారనీ, పువ్వు పూస్తే పట్టుకుని రమ్మనీ నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పింది. నేను తలూపాను. థాంక్స్ అనే మాట తలుపు వేశాక నోటికి వచ్చింది.

"వెళ్లనా అమ్మా?" అని ఆ సాయంత్రం అడిగాను.

"ముందు పూయనీ. పూస్తే చూద్దాం."

ఈ చలికి అది పూసేదీ లేదు, తను పంపేదీ లేదు అన్నట్టుంది అమ్మ గొంతు.

మర్నాడు స్నానం చేసి, మా నాయనమ్మ తులసికి పోసినట్టే, చెంబుడు చన్నీళ్లు దాని నెత్తిన పోశాను. రోజూ అలాగే చేశాను. కొన్నాళ్లకు ఆకుల నిండా పాలిపోయిన మచ్చలు వచ్చాయి. మోరీన్ ఆంటీని అడగాలంటే సిగ్గు. కుండీతో మెట్లెక్కడం, తలుపు దాకా వెళ్లి దిగిపోవడం. చివరికి మెట్లమీద ఆవిడకే ఎదురుపడ్డాను.

"దీనికి స్నానం చేయించావా?" అని నవ్వింది.

గోరువెచ్చటి నీళ్లు సాసర్‌లో పోసి, కింది నుంచి తాగనివ్వాలట. మిగిలినవి పారబోయాలట. నేరుగా ఎండ తగలకూడదు, వెలుతురు మాత్రం బాగా ఉండాలి. ఒకవైపే వాలిపోకుండా అప్పుడప్పుడు కుండీ తిప్పాలి. పెద్ద కుండీలోకి మారుస్తానంటే ఒప్పుకోలేదు. వేళ్లకు చోటు ఎక్కువైతే ఆకులు వేసుకుంటూ కూర్చుంటుందట, ఇరుగ్గా ఉంటేనే పూస్తుందట.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే అమ్మకు ఎక్కడలేని హుషారు వచ్చింది.

"విన్నావా మంగా? ఇరుకులో ఉంటేనే పూస్తుందట. మొక్కకున్న బుద్ధి నీకు లేదు."

"దానికి వెలుతురు కూడా కావాలటమ్మా."

"ట్యూబ్‌లైట్ ఉందిగా."

మా కిటికీ దగ్గర వెలుతురు చాలదు. నిజంగానే ట్యూబ్‌లైట్ కింద, వంటగట్టు చివర పెట్టాను. మొదలు దగ్గర పక్క పిలకలు వస్తే పుల్లతో తీసేసేదాన్ని. మచ్చల ఆకులు ఒక్కొక్కటే తుంచేశాను. జూన్‌లో, ఆకుల మధ్య నుంచి మెడ వంచుకుని ఒక కాడ పైకి వచ్చింది. వెళ్లాల్సిన శనివారానికి ముందు, గురువారం సాయంత్రం రెండు పువ్వులు విచ్చాయి. ఊదా రంగు, మధ్యలో పసుపు చుక్క. పడుకునే దాకా అక్కడే నిలబడ్డాను.

శుక్రవారం లేచి వచ్చేసరికి కుండీలో ఆకులే ఉన్నాయి.

కప్‌బోర్డులోని దేవుడి అరలో, లక్ష్మీదేవి పటం ముందు, బ్యాటరీ దీపం పక్కన రెండు పువ్వులూ ఉన్నాయి. నూనె దీపం పెడితే పొగకు అలారం మోగుతుందని అమ్మకు ఆ బ్యాటరీ దీపమే దిక్కు.

"కోసేశావా?"

"మొదటి పువ్వు దేవుడిది కాదటే? మీ నాయనమ్మ కొత్త మందారం పూస్తే చెట్టున ఉంచేదా?"

ఉంచేది కాదు. మా ఇంట్లో ఎవరూ ఉంచరు. అందుకే గట్టిగా ఏడవడానికి కూడా వీల్లేకపోయింది. అమ్మ అన్నానికి పిలిచినా, ఆకలి లేదని తెగిన కాడ చూస్తూ కూర్చున్నాను.

శనివారం పొద్దున మోరీన్ ఆంటీ బల్లలు సర్దాలని ముందే హాలుకి వెళ్లిపోయింది. నేను స్వెటర్ వేసుకుని, కుండీ పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చాను.

"ఎక్కడికే?"

"హాలుకి."

"పూస్తే చూద్దాం అన్నాను."

"పూసిందిగా అమ్మా. దేవుడి దగ్గరుంది."

అమ్మ నా వైపు చూసింది, కప్‌బోర్డు వైపు చూసింది. పూయలేదనడానికి లేదు, అక్కడ పెట్టింది తనే. చేతిలోని గరిటె గట్టు మీద పెట్టి, చేతులు కడుక్కుని, అరలోంచి ఒక పువ్వు తీసి కళ్లకద్దుకుంది. దాన్ని నా జడలో దోపింది.

"ఫోను దగ్గరుంచుకో. సొరంగంలో నిలబడకు."

దారి మలుపులో వెనక్కి చూశాను. మా కిటికీ సందులోంచి అమ్మ చెయ్యి మోచేతి దాకా బయటికి వచ్చి ఊగుతోంది.

సొరంగంలోకి అడుగు పెట్టగానే ఫోన్ మోగింది.

"దాటావా?"

"ఇప్పుడేగా వచ్చాను."

"పెట్టెయ్యకు. అవతలికి వెళ్లేదాకా మాట్లాడుతూ ఉండు."

ఒక చేతిలో కుండీ, ఒక చేతిలో ఫోను. ఏం మాట్లాడాలో తోచక గోడ మీద బొమ్మలు వరసగా చెబుతూ నడిచాను. చేప, సైకిలు, ఎవరిదో పేరు.

"ఇంకా ఏమున్నాయే అక్కడ?" అంది అమ్మ.