చెకింగ్ నాయనమ్మ

బట్టల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు ఫైనల్ చెకింగ్ చేసిన మనిషి ఆమె. కుట్టు తప్పిన చొక్కా ఆమె వేళ్ళు దాటి బయటికి పోయిన దాఖలా లేదు. యజమాని వచ్చి బతిమాలినా సరే, తప్పున్నచోట సుద్దముక్కతో గుర్తు పెట్టేది. బాగుంటే "పాస్" అని పక్కన పెట్టేది, అంతకుమించి మెచ్చుకోలు ఆమె దగ్గర దొరకదు. రిటైరయ్యాక ఆ వేళ్ళకు మనవడి స్నానం పని దొరికింది.

మనవడికి ఆరు నెలలు నిండిన వారం, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ కొడుకుతో అంది.

"వీడికి ఎడమవైపు బీజం కింద సంచిలోకి దిగలేదురా. డాక్టరుకి చూపించాలి."

బస్సు డ్రైవరైన కొడుక్కి ఒళ్ళు మండింది. "నా కొడుక్కేం లోటమ్మా? పెరిగేకొద్దీ అదే దిగుతుంది. నలుగురిలో అనకు, పరువు పోతుంది."

"చలికి పైకి లాక్కుంటుందేమోనని గోరువెచ్చటి నీళ్ళలోనే చూశాను. ఒకరోజు కాదు, పది రోజులు. ఆ పక్క ఖాళీ."

"వాడేమన్నా చొక్కానా, నువ్వు చెక్ చేయడానికి?"

ఆ మాట చురుక్కుమని తగిలింది. తన లెక్క తప్పయితే ఇక ఈ ఇంట్లో నోరెత్తడానికి ఉండదు. ఒప్పయి తను ఊరుకుంటే నష్టపోయేది పసివాడు. మర్నాడే కోడల్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరింది. కొడుకు మొహం గంటు పెట్టుకునే వెనకాల వచ్చాడు.

పిల్లల డాక్టరమ్మ చూసి తలూపింది. "ఆరు నెలల్లోపు చాలామందికి దానంతటదే దిగుతుంది. ఆ తర్వాత ఎదురుచూసి లాభం లేదు. ఏడాది, మహా అయితే ఏడాదిన్నర లోపల ఆపరేషన్ అయిపోవాలి. ఆలస్యమైతే పెద్దయ్యాక పిల్లలు పుట్టడంలో ఇబ్బంది రావచ్చు, వేరే జబ్బుల ముప్పూ పెరుగుతుంది. సరైన సమయానికి తెచ్చారు. ఎవరు గమనించారు?"

కొడుకు గొంతు సవరించుకున్నాడు. "మా అమ్మండీ. ముప్ఫై ఏళ్ళు ఫైనల్ చెకింగ్ చేసింది. ఆమె చేతిలోంచి ఏదీ తప్పించుకోదు."

ఆ మాట అంటూ వాడు ఛాతీ విరుచుకోవడం చూసి ఆమె కళ్ళు చెమర్చాయి. గర్వంగా ఉంది, ఎందుకు దాచాలి?

మనవడికి పదో నెలలో ఆపరేషన్ అయింది. గాయం మానిందని, ఇక మామూలుగా స్నానం చేయించవచ్చని డాక్టరమ్మ చెప్పిన మర్నాడు, డ్యూటీకి ఆలస్యమవుతున్నా కొడుకు కదల్లేదు. నీళ్ళు తనే తోడి, మోచెయ్యి ముంచి వేడి చూశాడు.

"అంతా బాగుందని డాక్టరమ్మ చెప్పిందిగా?" అంది ఆమె.

"చెప్పింది. నువ్వు చెప్పలేదుగా."

ఆమె వేళ్ళు నెమ్మదిగా కదిలాయి. కుడివైపు. ఎడమవైపు. మళ్ళీ ఎడమవైపు. మనవడు కాళ్ళు తపతప కొట్టి ఇద్దరినీ తడిపేశాడు.

"పాస్," అంది నాయనమ్మ.