నీళ్ళమీద తేలిన తునక

మైనపు దిమ్మ మీద కత్తి ఆనీ ఆనకుండా ఆనింది. ఆయన కుడిచేత్తో కోత యంత్రం చక్రం తిప్పాడు. ఉల్లిపొర కన్నా పలచటి రిబ్బను ఒకటి ముడతలు పడుతూ బయటికొచ్చింది. దాన్ని కుంచె కొసతో లేపి గోరువెచ్చటి నీళ్ళ తొట్టిలో వదిలాడు. ముడతలన్నీ విప్పుకుని అది నీళ్ళమీద హాయిగా పడుకుంది. అడుగునుంచి గాజుపలక పెట్టి దాన్ని పైకి తీశాడు. మనిషి ఒంట్లోంచి తీసిన గోరంత ముక్కను మైనంలో పోతపోసి, ఇలా పొరలుగా కోసి, రంగులద్ది మైక్రోస్కోపు కింద పెడితేగానీ అందులో క్యాన్సర్ ఉందో లేదో డాక్టర్లకు తెలియదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన చేస్తున్న పని ఇదే. ఆసుపత్రిలో అందరూ ఆయన్ని మైనం బాబాయ్ అంటారు. అసలు పేరు జీతాల గుమాస్తాకైనా గుర్తుందో లేదో! సన్నటి మనిషి, వేళ్ళు మరీ సన్నం, చూపుడువేలి నిండా పాత గాట్లు. మాటంటే బద్ధకమని అనుకునేవారు గానీ, పాపం, అలవాటు తప్పిందంతే. భార్య పోయి తొమ్మిదేళ్ళు. పిల్లల్లేరు. ఇంటికెళితే గోడలు, ఇక్కడికొస్తే నంబర్లు. దిమ్మల మీద పేర్లుండవు మరి.

మెడమీద, దవడ కింద, గడ్డ లేచి ఎనిమిది నెలలయింది. నొప్పి లేదు. ఎదురుగా కూర్చుని మొహంలోకి చూసే మనిషే ఉంటే మొదటి నెలలోనే "అదేంటి, మెడ అలా ఉబ్బింది?" అని నిలదీసేది. ఎవరున్నారు గనక! చొక్కా పై బొత్తాం పెట్టుకుని నెట్టుకొచ్చాడు. మొన్న మింగుడు పడక గొంతు డాక్టరు దగ్గర అందరిలాగే వరసలో నిలబడితే, ఆయన టాన్సిల్ దగ్గర చిన్న ముక్క తీసి కింద ల్యాబుకే పంపాడు. ఆ కాగితం మీది నంబరు ఈయన కంటబడింది. నూట నలభై ఏడు. నిన్న ఆ దిమ్మ వరసలో రానే వచ్చింది. ల్యాబులో కోసేది ఆయనొక్కడే. ఎవరితోనూ చెప్పలేదు. కోశాడు.

పదిగంటలకు స్లైడులు చూసే డాక్టరమ్మ తలుపు దగ్గరికొచ్చింది. ఆయనకు కూతురుంటే ఆ యీడే ఉండేది.

"బాబాయ్, ఇన్నేళ్ళకి దొరికారు నాకు!" అంది నవ్వుతూ. "నూట నలభై ఏడులో ముక్కంతా శుభ్రంగా ఉంది. ఓ మూల మాత్రం విడిగా చిన్న క్యాన్సర్ తునక. పక్కవాళ్ళది నీళ్ళలో తేలొచ్చి అతుక్కున్నట్టుంది. తొట్టి తుడవలేదా ఏంటి?"

ఒక దిమ్మ కోశాక రెండోది ముట్టుకునే ముందు నీళ్ళమీద కాగితం ఆడించి తుడవాలి. లేకపోతే ముందు మనిషి ముక్క వెనక మనిషి పలకమీదికెక్కుతుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన ఆ మాట పడలేదు. కానీ నిన్న తన దిమ్మ చేతిలోకి తీసుకున్నాక దానిమీది నంబరు తప్ప ఇంకేమీ కనబడలేదు. కాగితం ఆడించాడో లేదో, ఎంత తలచుకున్నా గుర్తురాలేదు.

"తుడిచాననే... ఏమోనమ్మా, తుడవలేదేమో."

"ఫరవాలేదులెండి. ఇంకా లోతుగా కోసివ్వండి. వైరస్ పట్టిచ్చే రంగు కూడా వేయిద్దాం. సాయంత్రానికి తేలిపోతుంది."

ఆమె వెళ్ళిపోయింది. పని చెడగొట్టి ఉంటే బావుండునని ఆయన పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కోరుకున్నాడు. తప్పు చేసి ఉంటే బతికిపోయినట్టే. చెయ్యకపోయి ఉంటే ఆ తునక తనది.

అయినా తొట్టి ఒంపేసి, కడిగి, కొత్త నీళ్ళు పోశాడు. కత్తి మార్చాడు. ముక్కూ మొహం తెలియని ఎవరికో కోసినట్టే కోశాడు.

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"ఏరా, ఉన్నావా? నేను చేస్తేగానీ నీకో అక్క ఉందని గుర్తురాదు కదా!"

"పనిలో ఉన్నానక్కా."

"గొంతేంట్రా, నూతిలోంచి మాట్లాడుతున్నట్టుంది?"

"జలుబు."

"నీకు జలుబు చేస్తే తుమ్ములతో వీధంతా లేపేవాడివి. నాకా చెబుతావు!"

"సాయంత్రం చేస్తాలే," అని పెట్టేశాడు. తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తియ్యలేదు.

అయిదింటికి డాక్టరమ్మ ఆయన్ని పిలిచి మైక్రోస్కోపులోకి చూడమంది. కోసి ఇచ్చేవరకే ఆయన పని. ఇన్నేళ్ళూ అందులోకి తొంగిచూసింది లేదు. వంగి చూశాడు. అంతా గోధుమరంగు.

"మీ తప్పేం లేదు బాబాయ్. ఊరికే అన్నాను పొద్దున. తునక ఈ మనిషిదే. లోపలికెళ్ళేకొద్దీ ఇంకా ఎక్కువగా ఉంది," అందామె. "ఇది పాపిల్లోమా వైరస్ చేసిన పని. దాని ప్రోటీన్లు రెండున్నాయి, తోడుదొంగలు. ఒకటి కణంలో కాపలావాణ్ణి మట్టుబెడుతుంది. రెండోది బ్రేకు ఊడగొడుతుంది. ఇంక ఆ కణం ఆగమన్నా ఆగదు. ఆ కంగారులో ఇంకో ప్రోటీన్‌ను కుప్పలుగా తయారుచేసుకుంటుంది. ఈ గోధుమరంగు దానిదే."

"కాపలావాడు పోయినట్టు ఎవరికీ తెలియదా అమ్మా?"

"ఏళ్ళతరబడి తెలియదు. చప్పుడుండదుగా. కాకపోతే ఒక మంచి, మిగతా రకాల కన్నా ఇది వైద్యానికి బాగా లొంగుతుంది. తొందరగా రావాలంతే."

"ఎనిమిది నెలలయిందమ్మా."

"ఎవరికి?"

ఆయన పై బొత్తాం విప్పాడు.

ఆమె లేచి తన కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టి, దవడ కింద రెండు వేళ్ళు ఆనించి చూసింది. తొమ్మిదేళ్ళలో ఆయన మెడమీద పడ్డ తోటిమనిషి చెయ్యి, మొన్నటి డాక్టరుది పోతే, అదొక్కటే. వేళ్ళు చల్లగా ఉన్నాయి. తీసేస్తుందేమోనని ఆయన కదలకుండా కూర్చున్నాడు.

బస్సు కోసం నిలబడి అక్కకు ఫోన్ చేశాడు. "జలుబు కాదక్కా," అన్నాడు. "వచ్చేస్తున్నా, తలుపు తీసుంచు," అంది అక్క.

గడ్డ డాక్టరమ్మ చెప్పినట్టే రేడియేషన్‌కు లొంగింది. ఒళ్ళే దాన్ని ఓర్చుకోలేకపోయింది. మింగిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి దిగి జ్వరం పట్టుకుంది. నాలుగో నెలలో ఒక పొద్దున, పక్కన కునుకుతున్న అక్కను లేపకుండానే వెళ్ళిపోయాడు.

ల్యాబులో కొత్తగా చేరిన అమ్మాయి వేరే కుర్చీ తెచ్చుకుంది. పాత కుర్చీ వీపున ఆయన బూడిదరంగు స్వెట్టరు వేలాడుతోంది, మోచేతులదాకా పైకి లాగిన చేతులతో, చక్రం తిప్పిన కుడిచేతి మడత ఇంకా వంగే ఉంది.