నజరేనోకు మొక్కిన జుట్టు

మా తమ్ముడు ఉరియెల్ ఫుట్‌బాల్ మొదటి డివిజన్ మైదానంలోకి దిగిన సాయంత్రం అమ్మ టీవీని వీధిలోకి తెప్పించి కుర్చీ మీద పెట్టించింది. తను మాత్రం కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడింది. ఆట చివర్లో దింపారు వాణ్ణి. మిడ్‌ఫీల్డ్‌లో ఆడతాడు, జుట్టు వెనక్కి ముడేసుకుని. బంతి ఎక్కువసార్లు అందలేదు. ఒక్కసారి మైదానానికి అడ్డంగా పొడుగాటి పాస్ ఇచ్చాడు. వ్యాఖ్యాత వాడి ఇంటిపేరు తప్పుగా పలికాడు. అమ్మ అది కూడా సంతోషంగానే విన్నది.

"ఇక కత్తెర పట్టొచ్చు," అంది.

ఆ జుట్టు వాడిది కాదు, నజరేనోది. మూడో డివిజన్‌లో ఆడేటప్పుడు, గడ్డి మొలవని మైదానంలో వాడి మోకాలు మెలితిరిగింది. ఇక ఆడటం కష్టమన్నారు డాక్టర్లు. అమ్మ చర్చికి వెళ్ళి, శిలువ మోస్తూ ఒరిగిన ఏసు, మా పేట నజరేనో, విగ్రహం ముందు మొక్కుకుంది. వీడు మొదటి డివిజన్‌లో కాలు పెట్టిన రోజున వీడి జుట్టు నీకిస్తాను, అంతదాకా కత్తెర తగలనివ్వనని. మా దగ్గర ఇది వింతేమీ కాదు. నజరేనో తలమీద ఉండే జుట్టు ఎప్పుడూ ఎవరో ఒకరి మొక్కే.

మోకాలు కుదిరింది. సెలవుకొచ్చినప్పుడల్లా అమ్మ వాణ్ణి పెరట్లో కూర్చోబెట్టి కలబంద గుజ్జుతో తలంటేది. రెండో డివిజన్‌కి వెళ్ళాక అవతలి జట్టు అభిమానులు "సెన్యోరీతా, ఓ అమ్మాయీ, ఇటు చూడు" అని ఈలలేసేవాళ్ళు. జుట్టు కత్తిరించమని ఒక కోచ్ గొడవ చేస్తే "ఇది నా స్టైల్" అన్నాడట. మొక్కు సంగతి చెప్పలేదు. వాడు నవ్వుతూ చెబితే నేనూ నవ్వాను.

ఆట జరిగిన మర్నాడు పొద్దున పొయ్యి మీద చిక్కుడుగింజలు ఉడుకుతుంటే ఫోన్ తెరిచాను. క్లబ్బు వాళ్ళు వీడియో పెట్టారు. కొత్తగా దిగినవాడికి డ్రెస్సింగ్ రూములో గుండు చేయడం ఫుట్‌బాల్ వాళ్ళ ఆనవాయితీ. నలుగురు వాణ్ణి బల్లమీద కూర్చోబెట్టి పట్టుకున్నారు. మెషీన్ కెప్టెన్ చేతిలో ఉంది. ఆయన మెడలో మేరీమాత బిళ్ళ ఊగుతోంది.

"ఒరేయ్, ఇంత జుట్టు పెంచావు, మొక్కు గానీ ఉందా? ఉంటే చెప్పు, వదిలేస్తాం. దేవుడితో నాకెందుకు గొడవ," అన్నాడు కెప్టెన్.

"వాళ్ళమ్మ జడేస్తుంది వీడికి," అన్నారు వెనకనుంచి ఎవరో. అంతా నవ్వారు.

ఉరియెల్ కూడా నవ్వాడు. "మొక్కా? అలాంటివి మా ఊళ్ళో ముసలాళ్ళకుంటాయి. కానివ్వండి."

మెషీన్ నుదుటి నుంచి నడినెత్తికి పోయింది. జుట్టు కుచ్చులు కుచ్చులుగా తడినేల మీద, బూట్ల కింద పడింది. నేను ఫోన్ బోర్లా పెట్టేశాను. అమ్మకు చెప్పలేదు.

సాయంత్రం వాడే ఫోన్ చేశాడు. "గుండు చేశార్లేమ్మా, ఆనవాయితీ కదా. జుట్టు దాచాను. పవిత్ర వారానికి తెస్తాను."

"కాగితంలో చుట్టావా?" అంది అమ్మ.

"చుట్టానమ్మా."

ఈస్టర్ ముందరి పవిత్ర వారంలో వచ్చాడు. తెల్లకాగితం విప్పితే లోపల జడ ఉంది, నల్లగా, నున్నగా, కర్రలా నిటారుగా. మా వాడి జుట్టు చెవుల దగ్గర వంకీలు తిరిగేది. ఎండలో పరిగెత్తి పరిగెత్తి కొసలు ఎర్రబారి ఉండేవి. అమ్మ ఆ జడను ఒళ్ళో పెట్టుకుని, కొసనుంచి పైదాకా వేళ్ళు పోనిచ్చింది. వాడు నిలబడే ఉన్నాడు.

"ఎవరు అల్లారు?" అంది.

"క్లబ్బులో ఒకామె."

"బాగా అల్లింది. రా, రొయ్యల వడలు చేశాను, చల్లారిపోతాయి."

వంటింట్లో వాణ్ణి పట్టుకున్నాను. "ఎక్కడ కొన్నావురా?"

"మెల్లగా అక్కా. పుయెబ్లాలో, మా క్లబ్బు దగ్గరి సెలూన్‌లో."

"పేటలో సగంమంది ఆ వీడియో చూసుంటారు."

"చూస్తే చూడనీ. కిందపడింది ఏరుకుని జడేయించాడనుకుంటారు."

"అమ్మకి చెప్పు."

"పండగ కానీ, చెప్తాను." వాడి చెవులు కందిపోయాయి. దాచుకోవడానికి వాటిమీద జుట్టు లేదు.

ఆ ఏడు విగ్రహం బాధ్యత పేట పెద్దాయన దొన్ క్రిస్పీన్‌ది. ఆయన ఇంట్లో నజరేనోను ఊదారంగు గుడ్డ మీద నిలబెట్టారు. పాత జుట్టు చాలాచోట్ల పురుగు కొట్టి పలచబడింది. కొత్తది కుట్టడానికి ఇద్దరు ఆడవాళ్ళు సూదులతో సిద్ధంగా కూర్చున్నారు. గుమ్మం దగ్గర జనం మా వాడి దారి కాచారు.

"రండి స్టార్‌గారూ. ఈసారి ఊరేగింపుకి దీపాలెందుకు, మీ గుండు చాలు," అన్నాడొకడు.

"వాడి గుండు సరేగానీ, నీ పొట్ట చూసుకో ముందు," అంది సూది పట్టుకున్నావిడ లోపలినుంచి.

ఉరియెల్ నవ్వబోయి మానేశాడు.

జుట్టు కుట్టేముందు దాన్ని విగ్రహానికి చూపించి పేరు చెప్పాలి. ఇచ్చినవాళ్ళే, తమ నోటితో. దొన్ క్రిస్పీన్ జడను రెండు చేతులా పైకెత్తి, ప్రతి ఏడూ అడిగేదే అడిగాడు.

"ఇది ఎవరి జుట్టు?"

ఉరియెల్ అమ్మ వైపు చూశాడు. అమ్మ విగ్రహాన్నే చూస్తోంది. ఒక్క మాట అనేస్తే అయిపోయేది. సూదుల్లో దారం ఎక్కించి ఉంది. పెదవులు తడుపుకున్నాడు.

"నాకు తెలీదు."

ముసలాయనకు వినపడలేదనుకుంటాను. "నీ పేరేనయ్యా. గట్టిగా చెప్పు."

"ఎవరో ఆడమనిషిది. పేరు తెలీదు. కొన్నాను."

కుట్టేవాళ్ళలో ఒకామె సూదిని మెల్లగా దిండుకు గుచ్చేసింది. దొన్ క్రిస్పీన్ జడను మళ్ళీ కాగితంలో చుట్టి వాడి చేతికే ఇచ్చాడు. "పేరు తెలియనిది పెట్టలేం. పాతదే దువ్వండమ్మా," అన్నాడు. వాళ్ళు దువ్వడం మొదలుపెట్టారు. దువ్వెన పళ్ళకు వెంట్రుకలు ఊడి వస్తుంటే ఇంకా నెమ్మదిగా దువ్వారు. వాడు కళ్ళు దించుకోకుండా చూడాల్సి వచ్చింది.

వసారాలోకి వచ్చాక అమ్మ ఆగింది.

"గుండు చేసినందుకు కాదురా. నలుగురు పట్టుకుంటే నువ్వేం చేస్తావు. మీ కెప్టెన్ అడిగాడు. వదిలేస్తానని కూడా అన్నాడు. పక్కింటి లూపె మనవడు ఆ వీడియో నాకు రెండుసార్లు చూపించాడు."

"చూశావా?" అన్నాడు వాడు. "మరి నాకు చెప్పలేదే?"

"నేను చెప్పాలా?"

వాడు కాగితంపొట్లం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "నవ్వుతారనిపించిందమ్మా," అన్నాడు చివరికి.

అమ్మ ఇంకేమైనా అంటుందేమోనని చూశాను. ఈలోపు గేటవతల ఒక కుటుంబం, వాడి జట్టు చొక్కాలు వేసుకుని, ఫొటో కోసం చేతులూపుతోంది. లోపల జరిగింది వాళ్ళకింకా తెలీదు.

"వెళ్ళు, పాపం ఎప్పట్నుంచో కాచుకున్నారు," అంది అమ్మ.

వాడు పొట్లం నాకిచ్చి వెళ్ళాడు. వాళ్ళు వాడి చుట్టూ చేరి భుజాల మీద చేతులేశారు. నాకు ఫోన్ అందించారు. వాళ్ళంతా నవ్వుతున్నారు. మధ్యలో ఉరియెల్ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, కట్టుకుని, మళ్ళీ వదిలేశాడు. ఫొటో తీసేవాళ్ళు నవ్వమని చెప్పాలి. నేను చెప్పలేదు.