ఎసరు పోసిన జొన్నపిండి

కొబ్బరిపీచును బూడిదలో అద్ది సిరీష ఇనుప జాలీని రుద్దుతోంది. నిన్న ఆదివారం కాల్చిన మాంసం కొవ్వు పొద్దుటికల్లా నల్లగా గట్టిపడి కమ్మీల సందుల్లో కూర్చుంది. వేడినీళ్ళకు సగమే వదిలింది, మిగతా సగం గోళ్ళతో గీకాల్సిందే. మామూలుగా ఈ పని పనిమనిషి ధర్మికి వదిలేసేది. ఇవాళ మాత్రం తనే పట్టుకుంది. జాలీ అద్దంలా ఉండాలి. దాని మీద జరగబోయేది వచ్చే మనిషికి స్పష్టంగా కనిపించాలి.

పదకొండింటికి నిజామాబాదు నుంచి వినోద్‌కుమార్ అనే హోటలాయన వస్తున్నాడు. మద్నూర్ దగ్గర, లారీలు ఆగే చోట, కొత్తగా పెద్ద హోటల్ కడుతున్నాడట. అటు మహారాష్ట్ర వాళ్ళూ ఇటు మనవాళ్ళూ ఆగి తినేలా ఏదన్నా కొత్త రుచి కావాలట. ఫోన్లో సిరీష భర్త గోపీచంద్ వీడియోలు చూశాడు. జొన్నపిండి బన్నులో గోంగూర కైమా పెట్టి, నిప్పుల మీద కాల్చి, పల్లీల పచ్చడి రాసి ఇచ్చే బర్గర్ అతనికి నచ్చింది. చేసే మనిషిని భాగస్వామిగా కలుపుకుంటానన్నాడు. చేసే మనిషి అంటే గోపీచంద్ అని ఆయన అనుకున్నాడు. ఆయనే కాదు, వీడియో చూసిన బాన్సువాడ అంతా అలాగే అనుకుంది.

ఏడాదిన్నర కిందట బిచ్కుంద రోడ్డులో వెల్డింగు షాపులో పాత డ్రమ్మును అడ్డంగా కోయించి, కాళ్ళు పెట్టించి, గోపీచంద్ ఈ గ్రిల్ ఇంటికి తెచ్చాడు. తన ఎరువుల దుకాణానికి సెలవున్న రోజు నల్ల ఏప్రాన్ కట్టుకుని పెరట్లో నిలబడేవాడు. "ఇవాళ వంట నాది. నువ్వు రెస్ట్ తీసుకో సిరీ" అనేవాడు. ఆ రెస్టు తెల్లారకముందే మొదలయ్యేది. గోంగూర వలవడం, వెల్లుల్లి ఒలవడం, పల్లీలు వేయించడం, కైమా దంచడం, పిండి కలపడం, బొగ్గులు రాజేయడం. అన్నీ అయ్యాక, పళ్ళెంలో వరసగా పేర్చిన బిళ్ళల్ని అతను పట్టకారుతో ఎత్తి జాలీ మీద పెట్టేవాడు. ఫోను ఆమె చేతిలో ఉండేది. "జర దగ్గరికెళ్ళి తియ్యి" అనేవాడు. ఇంట్లో ఎప్పుడూ కృష్ణా జిల్లా మాటే మాట్లాడే మనిషి ఫోను ముందు మాత్రం తెలంగాణ యాస అందుకునేవాడు. "గిట్ల తిప్పాలె, గిట్ల కాల్చాలె" అంటుంటే వేళ్ళు కాలకుండా వెనక్కి లాక్కోవడం చూసి సిరీషకు మొదట్లో నవ్వొచ్చేది.

"నీ అదృష్టం తల్లీ" అనేది అత్తగారు హనుమాయమ్మ. "మగాడు పొయ్యి దగ్గర నిలబడటం మా కాలంలో ఎక్కడుంది? మీ మామగారు మంచినీళ్ళు కూడా ముంచుకు తాగలేదు." కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ ఈ క్యాంపులో ఆడవాళ్ళంతా ఆ మాటే అన్నారు. పుట్టింటి నుంచి కోటగిరి పిన్ని ఫోన్ చేసి మరీ అంది. తన అదృష్టం గురించి ఇంతమంది చెబుతుంటే కాదనడానికి సిరీషకు నోరు వచ్చేది కాదు. ఆమెకు చిన్నప్పటి నుంచీ మాట తక్కువ. చూడటం ఎక్కువ. చూసింది మర్చిపోకపోవడం ఇంకా ఎక్కువ.

నెల కిందట ఒక వీడియో కింద ఎవరో అడిగారు, వదిన ఏమన్నా హెల్ప్ చేస్తదా అన్నా, అని. తరవాతి ఆదివారం గోపీచంద్ ఫోను వైపు చూసి నవ్వాడు. "మా ఆవిడా? ఉల్లిగడ్డలు కోస్తది. వంట డిపార్ట్‌మెంట్ నాది, ఏడుపు డిపార్ట్‌మెంట్ ఆమెది!" ఆ ఫోను పట్టుకున్నది సిరీషే. చెయ్యి కదలనివ్వలేదు. కదిలితే మళ్ళీ తియ్యమంటాడు, ఆ మాట మళ్ళీ వినాల్సి వస్తుంది. పదకొండు వేల మంది చూశారు దాన్ని. కూరగాయల కొట్టతను కూడా ఉల్లిపాయలు తూచి ఇస్తూ, "ఏడుపు మీదే కదమ్మా" అని నవ్వాడు. ఆ మర్నాడే హోటలాయన ఫోన్ వచ్చింది. పిండి కలపడం నుంచి అన్నీ తన ముందే చెయ్యాలని, తన వంటవాళ్ళకు నేర్పుకోవాలని అడిగాడు. "ఓ, దాందేముంది" అన్నాడు గోపీచంద్. సిరీష చపాతీ తిప్పుతూ విన్నది. ఎన్నాళ్ళుగానో వెతుకుతున్నది ఎదురుగా దొరికినట్టయింది.

"ధర్మీ, ఇవాళ నేను ఉల్లిపాయలు తప్ప ఏమీ ముట్టుకోను. నువ్వు కూడా ఎవరికీ ఏం చెప్పకు" అంది జాలీ కడుగుతూ.

ధర్మి అంట్ల ముందు నుంచి తలెత్తింది. ఆమెది ఊరవతలి తండా. నలభై దాటిన మనిషి. నాట్లప్పుడు వీళ్ళ పొలంలోకి, మిగతా రోజుల్లో వీళ్ళ ఇంట్లోకి వస్తుంది. ఒక్క క్షణం ఆలోచించి పకాలున నవ్వింది.

"సార్ ఆగమైతడు గద చిన్నమ్మా!"

"కానీ."

"గట్లనే గావాలె. ఆయన అయినంక నువ్వు చేసి సూపియ్యి. ఎవరు చేస్తుండ్రో తెల్వాలె."

"మన చేతులేంటో ఇవాళ తెలుస్తుందిలే" అంది సిరీష.

"మన" అన్న మాటకు ధర్మి మళ్ళీ నవ్వింది. ఈసారి చప్పుడు లేకుండా.

పదకొండుకు ఇంకా పది నిమిషాలుంది. గోపీచంద్ ఏప్రాన్ ముడి వేసుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. "సిరీ, అంతా రెడీయేనా?"

"ఉల్లిపాయలు కోశానండీ."

మూడు పెద్ద పళ్ళాల నిండా ఉల్లి చక్రాలు. ఒకదాని మందం ఒకటి తప్పకుండా సన్నగా, పువ్వుల్లా పేర్చి ఉన్నాయి. అతను ఫ్రిజ్ తెరిచాడు. కవర్లో పచ్చి కైమా. కట్ట విప్పని గోంగూర. పక్కన జొన్నపిండి పొట్లం మూతి కూడా విప్పలేదు.

"కలపలేదేంటి?"

"మీరే కదండీ చేసేది. నాకేం తెలుసు?"

"ఆటలాడుతున్నావా? అవతల కారు ఆగింది!"

"మీరు వీడియోలో చెప్పిన డిపార్ట్‌మెంట్ పని నేను పూర్తి చేశాను" అంది సిరీష, చెయ్యి తుడుచుకుంటూ.

అతని ముఖంలో అప్పుడు కదిలిన దాన్ని ఆమె తీరిగ్గా చూసింది. కోపం కాదది, ఇంకా. లెక్కల పరీక్షలో కాగితం తిప్పి చూసిన పిల్లవాడి చూపు. ఈ చూపు కోసం మూడు వారాలు నోరు కట్టుకుని ఉంది. అయినా కడుపు నిండలేదు.

వినోద్‌కుమార్ మంచి మాటకారి. వస్తూనే హనుమాయమ్మకు దండం పెట్టాడు. "గోపన్నా, మీ చేతి బర్గర్ తిందమని పొద్దటి నుంచి చాయ్ గూడ తాగలే. ఫికర్ లేదు, నిమ్మళంగ చెయ్యి. పిండి కాడికెల్లి సూపియ్యి" అని గ్రిల్‌కు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

గోపీచంద్ జొన్నపిండిలో చన్నీళ్ళు పోశాడు. కలిపాడు. ఇంకా పోశాడు. బిళ్ళ తట్టి పెనం మీదికి ఎత్తబోతే మూడు ముక్కలైంది. ఇంకోటి తట్టాడు. అది చేతిలోనే విరిగింది. "పిండి పాతదైనట్టుంది" అన్నాడు. కైమా కవరు విప్పి, పచ్చి గోంగూర తరిగి అందులో వేసి, ఉప్పూ కారం చల్లి పిసికి, గుండ్రంగా చేసి జాలీ మీద పెట్టాడు. రెండు నిమిషాలు బాగానే ఉంది. అప్పుడు గోంగూర నీరు వదిలింది. బిళ్ళ మెల్లగా జారి, కమ్మీల మధ్య నుంచి ముద్దలు ముద్దలుగా నిప్పుల్లోకి రాలింది. బుస్సుమని పొగ లేచింది. వినోద్‌కుమార్ దగ్గుతూ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. శుభ్రంగా మెరుస్తున్న జాలీ మీద కొవ్వు మరక, కింద మాడుతున్న మాంసం.

"ఫోన్‌ల మంచిగుంటది గదన్నా" అన్నాడు మర్యాదగా.

"ఇవాళ బొగ్గు సరిగ్గా లేదండీ."

"అది కాదురా" అంది హనుమాయమ్మ, కొడుకు అవస్థ చూడలేక. "సిరీష ఏదో నీళ్ళు కాచి పోస్తుందిగా పిండిలో. గోంగూర కూడా ముందే మగ్గబెడుతుంది. నువ్వు ఉత్త..." అని, ఏమన్నదో అప్పుడు తెలిసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వినోద్‌కుమార్ అటు నుంచి ఇటు చూశాడు. "అంటే చేసేది చెల్లెనా?"

పొగలో నిలబడ్డ గోపీచంద్ కళ్ళు ఎర్రబడి, చెంపల మీదికి నీళ్ళు కారుతున్నాయి. సిరీష అతని చేతిలోంచి పట్టకారు తీసుకుంది.

"జరగండి" అంది. తరవాత అతనికి మాత్రమే వినపడేలా, "ఏడుపు డిపార్ట్‌మెంట్ ఖాళీ అయింది. మీరు చేరండి" అంది.

పెళ్ళయిన అయిదేళ్ళలో అంత పెద్ద మాట ఆమె అనలేదు. అన్నాక తెలిసింది, ఎంత తేలికో. ఒళ్ళంతా ఉల్లాసంతో జిల్లుమంది. "ధర్మీ, రోలు కడుగు" అని కేకేసింది. ఆ గొంతు ఎవరిదో అనిపించింది ఆమెకే.

ధర్మి రోలు ముందు కూర్చుని కైమాను రోకటితో దంచడం మొదలుపెట్టింది. సిరీష పుట్నాల పొడి గుప్పెడు వేసింది. గోంగూరను ఉత్త పెనం మీద తడి పోయేదాకా మగ్గించింది. అది తన అమ్మ పద్ధతి. పక్క పొయ్యి మీద నీళ్ళు మరిగాక జొన్నపిండి మీద పోసి, గరిటెతో తిప్పి, మూత పెట్టింది. వినోద్‌కుమార్ లేచి దగ్గరికొచ్చి ఫోన్ తీశాడు. "ఒక్క నిమిషం చెల్లె, ఇది తీసుకుంట. మా వంటోళ్ళకు పనికొస్తది." ఫోన్ అటూ ఇటూ తిప్పి, "అవ్వా, నువ్వు జర పక్కకు జరుగు, అడ్డమొస్తున్నవ్" అన్నాడు ధర్మితో.

ధర్మి రోకలి ఆపి సిరీష వైపు చూసింది.

"ఆ దంచింది చాలు. నువ్వటు కూర్చో ధర్మీ" అంది సిరీష, పిండి మీద మూత తీస్తూ.

ధర్మి రోలు వదిలి కుళాయి గట్టు మీద కూర్చుంది.

సిరీష వేడి పిండిని అరచేత్తో నలిపి, వేళ్ళ మధ్య సాగదీసి, బిళ్ళలు తట్టింది. ఒక్కటీ పగల్లేదు. పెనం మీద పొంగాయి. కైమా బిళ్ళలు జాలీ మీద గట్టిగా నిలబడి, అంచులు ఎర్రబడ్డాయి. నిన్న మిగిలిన పల్లీల పచ్చడి రాసి, కోసి పెట్టిన ఉల్లి చక్రాలు పేర్చి, మీద ఇంకో జొన్న బిళ్ళ మూసి ఇచ్చింది. వినోద్‌కుమార్ నిలబడే ఒక్కటి తినేశాడు. రెండోది తీసుకున్నాడు. గోపీచంద్ ఏప్రాన్ విప్పాలో వద్దో తెలియక దాని ముడి పట్టుకుని ఉన్నాడు. హనుమాయమ్మ కొడుకును చూడకుండా కోడలిని చూస్తోంది. మొదటిసారి సరిగ్గా చూస్తున్నట్టు.

"మాట్లాడేదేం లేదు చెల్లె. బోర్డు మీద నీ పేరే పెడత" అన్నాడు వినోద్‌కుమార్ వేళ్ళు నాక్కుంటూ. మళ్ళీ ఫోన్ ఎత్తాడు. "ఒక్కటి చెప్పు. గోధుమపిండి కలపకుండ జొన్న గిట్ల నిలబడుడు నేనేడ సూడలే. గీ ఎసరు పోసుడు, గీ పుట్నాలేసి దంచుడు, ఎవరు నేర్పిన్రు?"

నిరుడు వానాకాలం. చేసిన ప్రతి బిళ్ళా పగిలిపోతుంటే సిరీష వంటింటి గడప మీద కూర్చుని ఏడ్చింది. అంట్లు తోముతున్న ధర్మి చేతులు కడుక్కుని వచ్చి పక్కన కూర్చుంది. "సల్లనీళ్ళు పోస్తె జొన్న మాట ఇనది చిన్నమ్మా. ఎసరు పొయ్యి. ఓపినంత వేడిల పిసుకు" అని, తన మోటు చేతుల్తో పిసికి చూపించింది. మాంసం నిప్పుల మీద రాలకుండా తండాలో ఏం వేసి దంచుతారో అప్పుడే చెప్పింది. ఆ రోజు నుంచి వారం వారం దంచింది. పగిలినవీ, మాడినవీ కాగితంలో చుట్టి సిరీష ఆమెకు ఇచ్చేది.

ఇదంతా సిరీషకు గుర్తొచ్చింది. గుర్తు రాకపోవడం కాదు. కానీ ఎదురుగా గోపీచంద్ ఉన్నాడు. ముడి పట్టుకుని, తల వంచుకుని, ఇంకో పేరు ఏదన్నా వస్తే దాని చాటుకు పోదామని చూస్తున్నాడు. ఆ సందు కూడా అతనికి ఇవ్వదలుచుకోలేదు. అతని కళ్ళలోకి సూటిగా చూసింది.

"ఎవరూ నేర్పలేదు. అన్నీ నేనే కనిపెట్టాను" అంది.

గోపీచంద్ ఇంకా కిందికి వంగాడు. వినోద్‌కుమార్ "శభాష్" అన్నాడు. "నవ్వు చెల్లె, ఫొటో తీస్త." సిరీష బర్గర్ పళ్ళెం పట్టుకుని నవ్వింది. ఫోను వెనకాల కుళాయి గట్టు కనిపిస్తోంది.

ధర్మి లేచింది. మాంసం అంటిన చేతులు కడుక్కుంది. నిదానంగా, ఒక్కో వేలూ. కొంగుతో తుడుచుకుంది. గోడవార విడిచిన చెప్పులు వేసుకుని, ఎవరివైపూ చూడకుండా, గేటు తీసుకుని వెళ్ళిపోయింది.