మిగిలిన చోటు

ఢిల్లీ ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టర్‌లో ఆ పొద్దున ఇంద్రజ లాప్‌టాప్ ముందు కాలు మీద కాలేసుకుని దర్జాగా కూర్చుంది. కూర్చోదూ మరి! ఉద్యోగంలో చేరాక తన పేరుతో వెళ్లే మొదటి పని. ఆమె నోయిడా కంపెనీ ఆసుపత్రి మిషన్లకు కెర్నెల్ కోడ్, అంటే మిషన్‌ని లోపలినుంచి నడిపే ప్రోగ్రాము, రాస్తుంది. అందులో పేర్లు కాపీ చేసే పాత పద్ధతికి ఒక జబ్బుంది. పేరు పొడుగైతే చివర ముగింపు గుర్తు పెట్టదు, చదివే ప్రోగ్రాము ఆగకుండా పక్క మెమరీలోకి జొరబడుతుంది. ఆ కాపీలన్నీ పీకేసి, ముగింపు తప్పకుండా పెట్టే కొత్త పద్ధతి తెచ్చింది ఇంద్రజ. టీం లీడ్ రఘువీర్ సరేనన్నాడు. పదకొండింటికి రిలీజ్.

ఇంతలో నాన్న నాగభూషణం కాగితం ఊపుకుంటూ వచ్చాడు. ఈ నెలాఖరుకి ఆయన రిటైర్‌మెంట్.

"చూశావా, మా ఆఫీసు సెక్షన్ నిర్వాకం! కంప్యూటర్లో మా హనుమయ్యగారి మెడికల్ లీవు లెటర్ మీదే నా రిటైర్‌మెంట్ లెటర్ కొట్టారు. నాది నాలుగు లైన్లలో అయిపోయింది. కింద ఆయన షుగరూ, ఆపరేషనూ అన్నీ అలాగే ఉన్నాయి!"

"నీది సరిగ్గానే ఉందిగా నాన్నా?"

"ఉంటే? ఆయన గుట్టు నా చేతికెందుకు రావాలి? మిగిలింది తుడిచెయ్యక్కర్లేదూ?"

ఇంద్రజ గబుక్కున లాప్‌టాప్ వైపు తిరిగింది. పాత పద్ధతి ఎంత చెడ్డదైనా మిగిలిన చోటంతా పాతది చెరిగిపోయేలా సున్నాలతో నింపేది. కొత్తది ముగింపు పెట్టి చేతులు దులుపుకుంటుంది. ఒకచోట మాత్రం పేరు రాసే గడి మొత్తం, మిగిలిన చోటుతో సహా, కెర్నెల్ బయటికి వెళుతుంది. పేరు వెనకాల ఏ రోగి వివరాలు మిగిలిపోయి ఉంటాయో! టైము పది నలభై.

"సర్, రిలీజ్ ఆపండి!" ఫోన్లో దాదాపు అరిచింది.

"అచ్ఛా, ఆపిన. ఏమైంది?" అన్నాడు రఘువీర్.

చెప్పింది. మిగిలిన చోటు కూడా సున్నాలతో నింపేలా ఆ ఒక్క లైను మార్చి, పరీక్షించి పంపింది. పావుగంట పాటు ఫోన్ వంకే చూస్తూ కూర్చుంది.

"ఇప్పుడు ఠీక్ హై," అన్నాడు రఘువీర్. "నేను రెండుసార్లు చదివిన, నాకే కనబడలే. నీకెట్ల దొరికింది?"

"మా నాన్న మాటల్లో, సర్."

"మరి ఆయన పేరేది? ఎవరి మాటతో తప్పు దొరికితే, మార్పు చివర్ల వాళ్ల పేరు గూడ రాయాలె. మన దగ్గర అదే పద్ధతి."

అమ్మయ్య! ఇంద్రజకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మార్పు చివర తన పేరుకు పై లైనులో నాన్న పేరు చేర్చి, పంపించి, ఆయనకు చూపించింది.

నాగభూషణం కళ్లజోడు సవరించుకున్నాడు. ముప్ఫై రెండేళ్లు ఆయన రాసిన ప్రతి ఉత్తరమూ పై అధికారి సంతకంతోనే వెళ్లింది.

"ఆఖర్న తీసెయ్యరు కదా?" అన్నాడు మెల్లగా.

"తియ్యరు నాన్నా."

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, తన పేరున్న ఆ లైను మళ్లీ మొదటినుంచీ చదువుకున్నాడు.